ఉస్తాద్ లేకుండా ఉలి పట్టినోడు ఎట్లా బతకాలి? వరంగల్‌లో చెక్క, రాతి శిల్పుల లెక్క

వరంగల్‌లో పుట్టినవాళ్లకు చెక్కిన రాయి కొత్త కాదు. కోటలో నాలుగు దిక్కులా నిలబడ్డ తోరణాలు, హన్మకొండలో 1163 నాటి వేయి స్తంభాల గుడి, కొంచెం దూరం పోతే పాలంపేటలో రామప్ప. 1213లో కట్టిన ఆ రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గుడిని కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి పేరు బడి పుస్తకంలో చదివినవాళ్లకే తెలుసు. జనం నోట్లో ఉన్న పేరు మాత్రం చెక్కిన శిల్పిది అని చెప్తారు.

ఇంత పేరున్న ఊర్లో ఇప్పుడు ఒక కుర్రాడు తనంతట తాను, ఇంట్లో ఎవరూ నేర్పకుండా, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ వేప దుంగ మీద, గ్రానైట్ ముక్క మీద చెక్కడం మొదలుపెట్టాడనుకోండి. వాడికి రోజీ దొరుకుతుందా? దొరుకుతుంది. కానీ చాలామంది అనుకునే దారిలో కాదు. చెయ్యి తిరగకపోవడం వల్ల ఆగిపోయేవాళ్లు తక్కువ, లెక్క తిరగకపోవడం వల్ల ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నేను చదివింది బీకాం, శిల్పశాస్త్రం కాదు. అందుకని ఈ వ్యాసంలో లెక్కల వాసన కొంచెం ఎక్కువ ఉంటుంది, సహించండి.

వారసత్వం అంటే చెయ్యి ఒక్కటే కాదు

శిల్పుల కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి తండ్రి దగ్గర నుంచి ఉలి పట్టడం ఒక్కటే రాదు. రాయి ఎక్కడ కొనాలి, ఏ క్వారీ వాళ్లు అప్పు మీద ఇస్తారు, ఏ గుడి కమిటీకి ఎవర్ని కలవాలి, అడుగు విగ్రహానికి ఎంత అడగాలి, ఇవన్నీ వస్తాయి. బొమ్మ కొలతలు కూడా వస్తాయి. తాళమానం అనే పద్ధతిలో ముఖం పొడవును ఒక కొలతగా పెట్టుకుని మొత్తం శరీరాన్ని భాగాలు చేస్తారు. ఆ లెక్క తెలిసినవాడు ఎంత పెద్ద రాయి మీదైనా ముందే గీతలు కొట్టుకుంటాడు. సొంతంగా నేర్చుకునేవాడు సాధారణంగా ముఖం ముందు చెక్కేస్తాడు, ఎందుకంటే అదే సరదా. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి రాయి అయిపోతుంది.

మన దగ్గర పెద్ద పనులు ఎవరి చేతికి పోతున్నాయో చూస్తే ఇది అర్థమవుతుంది. హుస్సేన్ సాగర్‌లో నిలబడ్డ బుద్ధుడి రాయి బయటిది కాదు, భువనగిరి పక్కన రాయగిరిది. మనం హైదరాబాద్ పోయేటప్పుడు రైల్లో దాటే ఊరే. కానీ దాన్ని చెక్కించింది గణపతి స్థపతి, తరాలుగా ఆ పనిలో ఉన్న ఇంటి మనిషి. యాదగిరిగుట్ట కొత్త గుడి 2022 మార్చిలో తెరిచారు. అక్కడి శిల్పాల పనిని నడిపించిన స్థపతుల్లో వేలు ఆనందాచారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచినప్పుడు కూడా పనిచేసినవాళ్లు పరంపర ఉన్న స్థపతులే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కోట్ల రూపాయల పనిని ఎవరూ వీడియో చూసి నేర్చుకున్నవాడికి ఇవ్వరు. నేను చెప్పేది ఒక్కటే, గుడి పనులు వస్తాయి కదా అని ఆశ పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నవాడు కూర్చుంటే కుదరదు. వాడి గిరాకీ వేరే చోట ఉంది.

ఉస్తాద్ లేకుండా పెద్ద పని చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. చండీగఢ్‌లో నేక్ చంద్ రోడ్ల శాఖలో ఇన్‌స్పెక్టర్. 1957 నుంచి ఎవరికీ చెప్పకుండా అడవి లాంటి చోట పగిలిన గాజులు, సింక్ ముక్కలు, రాళ్లతో బొమ్మలు చేస్తూ పోయాడు. 1976లో ప్రభుత్వమే దాన్ని రాక్ గార్డెన్‌గా జనానికి తెరిచింది. ఈ కథ చెప్పి కుర్రాళ్లను ఉత్సాహపరిచేవాళ్లు ఒక ముక్క మర్చిపోతారు, ఆయనకు ఆ ఏళ్లన్నీ నెల జీతం వచ్చేది. మన వరంగల్‌లోనే సూది బెజ్జంలో బొమ్మలు అమర్చి పేరు తెచ్చుకున్న సూక్ష్మ కళాకారుడు మట్టెవాడ అజయ్ కుమార్ ఉన్నారు. పేపర్లో ఫోటో రావడం మంచిదే. కానీ ఫోటో వేరు, కిరాణా బిల్లు వేరు.

పది రోజుల పనికి ఆరు వేలు

ఇక లెక్కకు వద్దాం. ఇవి నేను ఊహకు పెట్టుకున్న అంకెలు, మీ అంకెలు వేసుకుని చూసుకోండి.

రెండు అడుగుల చెక్క మీద కాకతీయ తోరణం చెక్కాలి. ఈ తోరణం రాష్ట్ర చిహ్నంలో ఉంది కాబట్టి మన దగ్గర సన్మానాలకు, రిటైర్మెంట్లకు, షాపు ఓపెనింగ్‌లకు జ్ఞాపికగా అడుగుతారు. చెక్క 1,400 అనుకుందాం. సాండ్ పేపర్, పాలిష్, బ్లేడ్లు, కరెంటు కలిపి 600. మొత్తం 2,000. పని పది రోజులు. గిరాకీ వచ్చి "ఆరు వేలకు ఇస్తావా తమ్మీ" అంటాడు. మనవాడు సంతోషంగా ఒప్పుకుంటాడు, నాలుగు వేలు నఫా అనుకుంటాడు.

నఫా కాదు అది. నాలుగు వేలను పది రోజులకు పంచితే రోజుకు 400. చెక్క కోసం టింబర్ డిపోలు తిరిగింది, డిజైన్ చూపించడానికి పోయింది, ఆటోలో తీసుకెళ్లి ఇచ్చింది, ఇదంతా ఇంకో రెండు రోజులు. అప్పుడు రోజుకు 333. తెలంగాణలో 2025-26కి ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. అంటే ఐదారేళ్లు కష్టపడి నేర్చుకున్న హునర్‌కు, తట్టా పారకు మధ్య తేడా 26 రూపాయలు. మధ్యలో చెక్క పగిలిందంటే ఆ తేడా కూడా లేదు.

సరిగ్గా కట్టే పద్ధతి ఇట్లా ఉంటుంది. మీ రోజు రేటు మీరే ముందు ఖాయం చేసుకోవాలి. 900 అనుకోండి. పన్నెండు రోజులకు 10,800. సామాను 2,000. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని ముక్కలు పాడవుతాయి కాబట్టి మొత్తం మీద పది శాతం కలపాలి. 14 వేలు దాటుతుంది. "పద్నాలుగు వేలా? అక్కడ నాలుగు వేలకే ఇస్తున్నాడు" అని గిరాకీ అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అక్కడ సీఎన్‌సీ మిషన్ ఉంది.

మిషన్‌తో పందెం పెట్టుకోవద్దు

కంప్యూటర్‌లో డిజైన్ ఎక్కిస్తే తలుపు మీద పువ్వులు, లతలు గంటల్లో దించే మిషన్ ఇది. దాన్ని తిట్టుకోవడం వల్ల లాభం లేదు, దాని బలహీనత ఏంటో తెలుసుకోవడం లాభం. మామూలు షాపుల్లో ఉండే సీఎన్‌సీ మూడు దిక్కుల్లోనే కదులుతుంది, పై నుంచి కిందికి మాత్రమే కోస్తుంది. పలక మీద పని దానిది. కొమ్మ వెనక కొమ్మ, చెవి వెనక సందు, చుట్టూ తిరిగి చూసే బొమ్మ దాని వల్ల కాదు. ఒంకర టింకరగా ఉన్న వేరు మొద్దులో నెమలిని చూసే కన్ను దానికి లేదు. ఇంట్లో బిగించి ఉన్న వందేళ్ల దర్వాజాలో చెదలు తిన్న మూల ఒక్కటి మళ్లీ చెక్కాలంటే మిషన్‌ను ఇంటికి తీసుకుపోలేరు.

కాబట్టి సొంతంగా నేర్చుకున్నవాడు పలక మీద పువ్వుల దగ్గర టైమ్ పెట్టడం దండగ అని నా అభిప్రాయం. పాత తలుపుల రిపేరు, పూర్తి బొమ్మలు, వేరు మొద్దు పని, మనిషి పోలిక వచ్చే తలలు, ఇవి నేర్చుకుంటే ధర చెప్పే హక్కు వస్తుంది. రిపేరు పని చిన్నచూపు చూస్తారు గానీ అందులో సామాను ఖర్చు దాదాపు ఉండదు, వచ్చేదంతా కూలీయే.

మన సమాజంలో ఈ మాట రాగానే ఇంకో ప్రశ్న వస్తుంది, ప్రాణం ఉన్నవాటి బొమ్మలు చేయొచ్చా అని. అది ఆలిమ్‌లను అడగాల్సిన విషయం, రిపోర్టర్ తేల్చేది కాదు. గిరాకీ వరకు చెప్తాను. బొమ్మ చెక్కకుండానే ఉలి మీద బతికిన కారీగర్లు మన చుట్టూ ఎప్పుడూ ఉన్నారు. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల మీద నల్ల రాతిలో చెక్కిన అక్షరాలు చూడండి, నునుపు ఇప్పటికీ అద్దంలా ఉంటుంది. అక్కడ 2013 నుంచి ఏళ్ల తరబడి సాగిన మరమ్మతు పనుల్లో సంప్రదాయ పనిముట్లతో చేసే రాతి కారీగర్లకే చోటు దొరికింది. ఈ రోజు మన ఊళ్లలో మస్జిద్ మింబర్, మెహరాబ్ చుట్టూ అంచు, జాలీ, ఇంటి పేరు పలక, ఖబర్ మీద కత్బా, ఇవన్నీ డబ్బులిచ్చి చేయించుకునేవే. కత్బా పనిలో మిషన్ అక్షరానికి, చెయ్యి తెలిసిన అక్షరానికి తేడా ఉర్దూ చదివే ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. నస్తలీఖ్‌లో నూన్ కడుపు ఎంత లోతు ఉండాలో ఖత్తాత్ దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే. అదీ ఒక ఉస్తాద్ పనే అనుకోండి, కానీ ఆరు నెలలు కూర్చుంటే చాలు, ఆరు తరాలు అవసరం లేదు.

చిన్న వస్తువుల సంగతి కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కేది ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కలు వాళ్ల సరుకు. పెద్ద శిల్పాలేం కాదు, చేప ఆకారంలో పిడి ఉన్న చెంచా. దానికి జీఐ గుర్తింపు వచ్చింది, దేశమంతా ఎగ్జిబిషన్లకు పోతుంది. నిర్మల్ బొమ్మ పొణికి చెక్కతో, ఏటికొప్పాక లక్కపిడత అంకుడు చెక్కతో బతుకుతున్నట్టే. నెలకు ఒక పెద్ద బొమ్మ అమ్ముడవుతుందా లేదా అని ఎదురుచూసేవాడికి, నెలకు 40 చిన్న ముక్కలు అమ్మేవాడికి రాత్రి నిద్రలో తేడా ఉంటుంది. పెద్ద బొమ్మ పేరు కోసం, చిన్న వస్తువు బియ్యం కోసం అని రెండూ పెట్టుకోవాలి.

చెక్కనా, రాయా?

మొదలుపెట్టడానికి చెక్క చవక. గుండ్రటి మొన, చదును మొన ఉలులు ఓ ఆరు, ఒక కొయ్య సుత్తి, ఆకురాయి, పట్టుకోవడానికి వైస్. వేప, గుమ్మడి టేకు మెత్తగా, చెప్పినట్టు వింటాయి. టేకు అయితే బిల్లు ఉన్న డిపోలోనే కొనండి, కాగితం లేని టేకు దుంగ ఇంట్లో ఉంటే ఫారెస్ట్ వాళ్లకు సమాధానం చెప్పాల్సింది మీరే. ఎర్ర చందనం జోలికి అస్సలు పోవద్దు.

చెక్కలో సొంతంగా నేర్చుకునేవాళ్లు దెబ్బతినేది ఆరబెట్టడం దగ్గర. పచ్చి దుంగ చెక్కడానికి తేలిక కాబట్టి తెచ్చిన వారమే మొదలుపెడతారు. బొమ్మ బాగానే వస్తుంది. ఏప్రిల్, మేలో వరంగల్ ఎండకు గిరాకీ ఇంట్లో అది నిలువునా పగులుతుంది. పైసలు వెనక్కి ఇవ్వాలి, పేరూ పోతుంది. దుంగ రెండు చివర్లకు మైనమో పెయింటో పూసి నీడలో నెలల తరబడి పెట్టాలి. చెక్క మధ్యలో ఉండే గుండె భాగం వదిలేసి కోయించుకుంటే పగుళ్లు చాలా తగ్గుతాయి.

రాయిలో పెట్టుబడి ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. గ్రానైట్ చాలా గట్టిది, మామూలు ఇనుప ఉలి మొన పూట గడవకముందే మొద్దుబారుతుంది. అందుకే కార్బైడ్ మొన ఉలులు, డైమండ్ బ్లేడ్ గ్రైండర్ కావాలి. కొత్తవాళ్లు నేరుగా గ్రానైట్ మీదికి పోయి చేతులు కాయలు చేసుకుని మానేస్తారు. బలపం రాయి, తాండూరు నాపరాయి మీద అక్షరాలతో మొదలుపెట్టడం మేలు. వంటింటి గట్లు కోసే గ్రానైట్ షాపుల్లో మిగిలిపోయిన ముక్కలు చాలా తక్కువకు దొరుకుతాయి, పేరు పలకలకు, కత్బాలకు అవి చాలు.

ఏ పనైనా బయానా లేకుండా మొదలుపెట్టవద్దు. సామాను ఖర్చు మొత్తం, దాని మీద కూలీలో కొంత ముందే చేతికి రావాలి. కొలత, చెక్క రకం, తేదీ రాసి వాట్సాప్‌లో పంపి "సరే" అని జవాబు తెప్పించుకోండి. తెలిసినవాళ్లే కదా అని వదిలేస్తే తెలిసినవాళ్లే ముంచుతారు.

కాగితాల సంగతి

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులో 18 వృత్తులున్నాయి. రాతి శిల్పి, మూర్తులు చేసేవాళ్లు ఉన్నారు, వడ్రంగి ఉన్నాడు, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. "చెక్క శిల్పి" అని విడిగా లేదు, కాబట్టి చెక్క పని చేసేవాళ్లు వడ్రంగి కిందో బొమ్మల కిందో రాయించుకోవాలి. ఏ కులం, ఏ మతం అన్న షరతు లేదు. ఇంట్లో ఒక్కరికే, 18 ఏళ్లు నిండాలి, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణకు రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15 వేల విలువైన ఈ-వోచర్ ఉంది. ఆ తర్వాత 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేకుండా ముందు లక్ష వరకు, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు. దరఖాస్తు సీఎస్‌సీ సెంటర్‌లోనే. మన బస్తీల్లో చాలామంది ఇది తమ కోసం కాదనుకుని పోవడం లేదు, పోవాలి.

కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం ఇచ్చే పహచాన్ కార్డు ఇంకోటి. ప్రభుత్వ ఎగ్జిబిషన్లలో స్టాల్ అడగాలంటే ముందు అడిగేది అదే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా రెండు వేలు అడిగితే ఇవ్వకండి.

జీఎస్టీ అంటే భయపడేవాళ్లకు రెండు మాటలు. తెలంగాణలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబర్ నుంచి చిన్న అమ్మకందారులు రాష్ట్రం లోపల ఆన్‌లైన్ సైట్ల ద్వారా అమ్మినా పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండా నమోదు నంబర్‌తో అమ్ముకోవచ్చు. రాయి, చెక్కతో చేసిన దేవతా విగ్రహాలకు 2018 నుంచే పన్ను లేదు. మిగతా చేతి చెక్కుడు రాతి, చెక్క శిల్పాల మీద 12 శాతం ఉన్నది 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 అయింది. రిజిస్టర్ అయిన షాపుకు సరుకు ఇచ్చేవాళ్లు పాత రేటు చూపించి ధర తగ్గిస్తే ఈ తేదీ గుర్తు చేయండి.

దుమ్ము

ఇంత లెక్క రాసి ఇది రాయకపోతే దగా చేసినట్టే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. గ్రైండర్ పెట్టగానే అది కంటికి కనిపించనంత సన్నటి సిలికా దుమ్ముగా లేస్తుంది. కనిపించే తెల్ల దుమ్ము కంటే కనిపించనిదే ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. దాంతో వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. చాలామందికి పది, ఇరవై ఏళ్లకు బయటపడుతుంది, మూసిన గదిలో ఎక్కువ దుమ్ము పీల్చినవాళ్లకు ఇంకా ముందే. టీబీ రావడానికి అవకాశం పెరుగుతుంది. సన్నటి చెక్క పొడి కూడా మంచిది కాదు, అది ముక్కులో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ఉంది.

పరంపర ఉన్నచోట పెద్దవాళ్లు దగ్గుతూ దగ్గుతూ పోవడం చూసిన పిల్లలు కొంతైనా జాగ్రత్త పడతారు. ఒంటరిగా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేర్చుకునేవాడికి చెప్పేవాళ్లు లేరు. ముఖానికి దస్తీ కట్టుకుంటే చాలనుకుంటాడు. దస్తీ ఆ దుమ్మును ఆపదు. కనీసం ఎన్‌95 మాస్క్ కావాలి, అదీ ముఖానికి సందు లేకుండా. రాయిని తడిపి కోయాలి. అయితే నీళ్లు, కరెంటు గ్రైండర్ కలిస్తే షాక్ ప్రమాదం, కాబట్టి బోర్డుకు ఈఎల్‌సీబీ పెట్టించాకే తడి పని. పని ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేట్టు కూర్చుని చేయాలి. షెడ్డును ఊడ్చవద్దు, నీళ్లు చల్లి ఎత్తాలి. ఆ బట్టలతో ఇంట్లోకి పోయి పిల్లల్ని ఎత్తుకోవద్దు.

చట్టం ప్రకారం సిలికోసిస్ తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. సొంత షెడ్డు ఫ్యాక్టరీ కాదు, ఈఎస్ఐ కూడా ఉండదు. రాజస్థాన్‌లో రాతి కూలీల కోసం 2019లో ప్రత్యేక విధానమే తెచ్చారు, జబ్బు తేలితే సాయం అందుతుంది. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, చెయ్యి పోయినా కన్ను పోయినా ఉపయోగపడుతుంది, కానీ అది ప్రమాదాలకే, దుమ్ము జబ్బుకు కాదు. ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. దగ్గు అని ఎంజీఎంకు పోయినా, గల్లీ క్లినిక్‌కు పోయినా "నేను రాయి చెక్కుతాను, ఇన్నేళ్ల నుంచి" అని డాక్టర్‌కు మీరే ముందు చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.